నాన్న ఎక్సెల్ బండి, మేము తోమిన పిస్టన్



ఇక్కడ ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ తేదీలు, కులధ్రువీకరణ పత్రం ఎలా తెచ్చుకోవాలి అనే పోస్టులే వస్తాయి. అవి మాకు చాలా ఉపయోగపడ్డాయి. ఈసారి మేము వేరే విషయం రాస్తున్నాం. ఇంట్లో కూర్చుని బండి పిస్టన్‌నీ, ఇంజన్ హెడ్ లోపల మంట మండే గుంటనీ తోమి నునుపు పెట్టడం గురించి. ఇదేం పోస్టురా అనుకోకుండా చివరిదాకా చదవండి. ఈ పనిలో మేము ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాం. చేపలు పోయాయి, డబ్బులు పోయాయి, పెద్దోడి పరీక్ష ఫీజు కూడా పోయింది. మీలో ఇంకొకరు అదే తప్పు చేయకూడదని రాస్తున్నాం.

మేము అంటే ఇద్దరం అన్నదమ్ములం. పెద్దోడికి ఇరవై ఏళ్ళు, ఏలూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. మా ఇంట్లోనే కాదు, మా చుట్టాలందరిలో కాలేజీ గేటు లోపలికి వెళ్ళిన మొదటి మనిషి వాడే. చిన్నోడు పది పాసై దెందులూరులో హైవే పక్కన ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. ఇది టైపు చేస్తున్నది పెద్దోడే. కానీ నల్లబడినవి నాలుగు చేతులు కాబట్టి మేము అనే రాస్తాం.

మేము యానాదులం. దెందులూరు నుంచి కొల్లేరు వైపు దిగితే వరిచేలు అయిపోయి చేపల చెరువులు మొదలవుతాయి. ఆ గట్ల మీద కాపలా పాకలు ఉంటాయి. అందులో ఒకటి మాది. మాది అంటే, చెరువు ఉన్నన్నాళ్ళు మాది. మా తాత కాలంలో ఇన్ని చెరువులు లేవు. కొల్లేట్లో వెదురు మావులు పెట్టి చేపలు పట్టేవాళ్ళు, కోతలయ్యాక చేలల్లో ఎలుకలు పట్టేవాళ్ళు. తర్వాత చెరువులు వచ్చాయి. 1999లో కొల్లేటిని అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి వెళ్ళింది. 2006లో ఐదో కాంటూరు లోపలున్న చెరువుల గట్లు కొట్టేశారు. అప్పటికి పెద్దోడు అమ్మ ఒళ్ళో ఉన్నాడు. ఆ గట్టుతో పాటు మా పాక పోయింది. మేము కాంటూరు బయటి చెరువు మీదకి వచ్చాం. చెరువు మారింది, యజమాని మారాడు, కాపలా మాత్రం మారలేదు.

కాపలా అంటే జీతం తీసుకుని చేసే ఉద్యోగం అనుకోకండి. అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నాన్న అడ్వాన్సు తీసుకున్నాడు. జీతం ఆ అడ్వాన్సు కిందకి పోతుంది. మధ్యలో జ్వరం వస్తే, పెళ్ళి వస్తే మళ్ళీ అడ్వాన్సు. పుస్తకంలో అంకె తగ్గడం మేము ఎప్పుడూ చూడలేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చిందని పెద్దోడు కాలేజీకి వెళ్ళాక చదివాడు. ఆ సంగతి చెప్తే నాన్న "చట్టం సరేరా, పాక ఎక్కడ వేసుకుందాం?" అన్నాడు. దానికి మా దగ్గర సమాధానం లేకపోయింది.

అందుకే మా ఇంట్లో ఎక్సెల్ బండికి అంత విలువ. అది టూ స్ట్రోక్ ఎక్సెల్ సూపర్. టీవీఎస్ వాళ్ళు 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 మోపెడ్ తెచ్చారు, ఆ వంశంలోదే ఇది, ఇంజన్ దాదాపు 70 సీసీ. 2015లో ఫోర్ స్ట్రోక్ ఎక్సెల్ 100 వచ్చాక వీటి కాలం అయిపోయిందన్నారు గానీ, మన వైపు పాలవాళ్ళు, చేపలవాళ్ళు, పచ్చగడ్డి మోసేవాళ్ళు ఇంకా వీటి మీదే బతుకుతున్నారు. నాన్న దాన్ని సెకండ్ హ్యాండ్‌లో తొమ్మిది వేలకు కొన్నాడు. తెల్లారకముందే కొరమీను, జెల్లలు, ఏ చేప దొరికితే అది వెనక డబ్బాలో వేసుకుని దెందులూరు, గోపన్నపాలెం, కొవ్వలి వీధుల్లో తిరిగి అమ్ముతాడు. ఎనిమిదింటికల్లా గట్టు మీదకి వచ్చేస్తాడు. చెరువు డబ్బులు అడ్వాన్సుకి పోతాయి, బండి డబ్బులు మాత్రమే మా ఇంటికి వస్తాయి. పెద్దోడి బస్సు ఖర్చు, పుస్తకాలు, ఫీజు, అన్నీ ఆ బండి మీద వచ్చినవే.

పోయిన ఏడాది వానలు తగ్గేసరికి బండి మొరాయించడం మొదలుపెట్టింది. నలభై కిలోల డబ్బా వేస్తే గట్టు ర్యాంపు ఎక్కేది కాదు. నాన్న దిగి తోసుకుంటూ ఎక్కించేవాడు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల టకటకమని చప్పుడు. అన్నిటికన్నా వింతేమిటంటే, తాళం తీసేశాక కూడా ఒకటి రెండు సెకన్లు ఇంజన్ కొట్టుకునేది. చిన్నోడు వాళ్ళ షెడ్డులో అడిగితే బోరింగు, కొత్త పిస్టన్, కూలీ కలిపి 3,200 అన్నారు. 3,200 అంటే మళ్ళీ అడ్వాన్సు. అమ్మ ఒకటే మాట అంది. "ఇంకో రూపాయి ఆ పుస్తకంలో రాయించుకోవద్దు."

అప్పుడు మేము ఫోన్లో వీడియోలు చూశాం. ఎక్కడో విదేశాల్లో రేసు బండ్ల ఇంజన్లు విప్పి పిస్టన్ నెత్తినీ, హెడ్ గుంటనీ అద్దంలా తోముతున్నారు. భాష అర్థం కాలేదు గానీ మెరుపు అర్థమైంది. అలా తోమితే మసి పట్టదట, బండి పరిగెడుతుందట. ఎమిరీ కాగితానికి, బ్రాసో డబ్బాకి ఎంతవుతుంది? రెండు వందలు కూడా కాదు. దసరా సెలవుల్లో పెద్దోడు ఇంటికి వచ్చాడు. పని మొదలుపెట్టాం.

ముందు ఆ గుంటలో ఏం జరుగుతుందో చెప్తాం. టూ స్ట్రోక్ ఇంజన్లో క్రాంకు తిరిగిన ప్రతిసారీ ఒక మంట. నిమిషానికి 5000 సార్లు తిరిగితే సెకనుకు 83 మంటలు. మంట వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పిస్టన్ అల్యూమినియం, అది 660 డిగ్రీలకే కరుగుతుంది. మరి ఎందుకు కరగదు? మంట తగిలేది క్షణంలో చిన్న ముక్కసేపు. తగిలిన వేడి రింగుల గుండా సిలిండర్ గోడకి, గోడ నుంచి బయట రెక్కలకి, రెక్కల నుంచి గాలికి పోతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా ఇంజన్‌కి ముప్పే.

మసి ఎందుకు పడుతుందంటే, టూ స్ట్రోక్‌లో ఇంజన్ నూనె పెట్రోల్‌తో పాటే కలిసి కాలిపోతుంది. మా బండికి లీటరుకి 20 మిల్లీలీటర్లు సరిపోతుంది. నాన్న మాత్రం "నూనె ఎక్కువైతే ఇంజన్‌కి మంచిదే కదరా" అని ఇంకో మూత ఎక్కువే పోసేవాడు. దానికి తోడు గట్ల మీద బరువుతో నెమ్మదిగా నడుపుతాడు. నెమ్మదిగా నడిస్తే నూనె పూర్తిగా కాలదు. కాలని నూనె పిస్టన్ నెత్తి మీద, గుంటలో, పొగ పోయే దారిలో గట్టి బొగ్గులా పేరుకుంటుంది. పేరుకున్న బొగ్గు ఎర్రగా కాగి ఉంటే ప్లగ్గు నిప్పు వేయకముందే పెట్రోల్ అంటుకుంటుంది. ఆ టకటక చప్పుడు, తాళం తీసినా కొట్టుకోవడం అందుకే. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు మాకు తెలిసింది మెరుపు ఒక్కటే.

హెడ్ నట్లు నాలుగూ విప్పాం. లోపల చూస్తే రూపాయి బిళ్ళంత మందాన మసి. చిన్నోడు సిలిండర్ కూడా పైకి లాగేశాడు. పిస్టన్ పిన్‌కి ఉండే చిన్న తీగ క్లిప్పు ఎగిరి బురదలో పడింది. టార్చి వేసి గంటసేపు వెతికి పట్టుకున్నాం. అసలది ఇంజన్ అడుగున క్రాంకు గదిలో పడి ఉంటే మొత్తం విప్పాల్సి వచ్చేది. ఆ గది మూతిని గుడ్డతో మూయాలన్న సంగతి కూడా అప్పుడు తెలియదు.

తర్వాత రెండు రోజులు తోమాం. అమ్మ అంట్లు తోముతుంటే మేము పక్కనే పిస్టన్ తోమాం. స్క్రూడ్రైవర్‌తో మసి గీకాం. 220 ఎమిరీ, 400, తర్వాత వాటర్ పేపర్ 1000, చివరికి బ్రాసో. నెత్తి తోమాం, గుంట తోమాం, అంతటితో ఆగామా? పిస్టన్ పక్కల మీద సన్నటి గీతలు కనిపిస్తే అవి అరుగుదల గీతలు అనుకుని వాటిని కూడా తోమేశాం. సిలిండర్ లోపలి గోడ మీద అడ్డదిడ్డంగా గీతలు ఉంటే కర్రకి ఎమిరీ చుట్టి వాటినీ నునుపు చేశాం. పిస్టన్‌లో మా మొహాలు కనిపించాయి. ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాం. కిరసనాయిలుతో ఒకసారి తుడిచి బిగించేశాం.

మొదటి రెండు రోజులు బండి బాగానే పోయింది. ర్యాంపు కాస్త తేలిగ్గా ఎక్కింది. నాన్న అందరికీ చెప్పుకున్నాడు, మా పిల్లలే చేశారని.

మూడో రోజు తెల్లారుజామున హైవే దగ్గర, చేపల డబ్బాతో పోతుండగా ఇంజన్ కీచుమని అరిచి పట్టేసింది. వెనక చక్రం ఆగిపోయింది. నాన్న పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. వెనక లారీ రాకపోవడం మా అదృష్టం. డబ్బా పగిలి చేపలు రోడ్డు మీద పడ్డాయి. ఏరుకున్నవి ఎండెక్కేసరికి మెత్తబడ్డాయి, రెండు వేల సరుకు పోయింది. నాన్న ఐదు కిలోమీటర్లు బండి తోసుకుంటూ వచ్చాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మోకాలికి పసుపు పెట్టించుకుంటూ పెద్దోడి వైపు చూసి "ఫీజు ఎప్పటిలోగా కట్టాలిరా?" అని మాత్రం అడిగాడు.

ఎందుకడిగాడో మాకు తెలుసు. బండి లేకపోతే ఫీజు లేదు. ఫీజు పెడితే బండి లేదు.

చెరువులకి నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మేము మామా అని పిలుస్తాం. ఆ సాయంత్రం పిస్టన్ గుడ్డలో చుట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాం. ఒక పక్క అల్యూమినియం కరిగి పూసినట్టు చారలు పడి ఉంది. ఆయన వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"ఎవర్రా దీని పక్కలు తోమింది?"

"మేమే మామా. వీడియోలో అద్దంలా తోమారు."

"వాళ్ళు తోమింది నెత్తి. నెత్తి తోమాలి గానీ పక్కలు తోముతారట్రా? మీ ఇంట్లో రోలుందా?"

"ఉంది."

"రోలు నునుపెక్కితే ఏం చేస్తారు?"

"కక్కు కొట్టిస్తారు."

"ఎందుకు? నున్నటి రోట్లో పప్పు జారిపోద్ది, నలగదు. ఇక్కడా అంతే. గోడ మీద ఆ గీతలు కంపెనీ వాడు కావాలని గీశాడు. వాటిల్లో నూనె నిలబడుద్ది. పిస్టన్ పక్కల గీతలూ అందుకే. మీరు నూనె నిలబడే చోటు లేకుండా చేశారు. పైగా ఎమిరీ ఇసక లోపలే వదిలేశారు. వేలు పెట్టి చూడండి."

పిస్టన్ లోపలి వైపు వేలు పెడితే గరగరమంది. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే పోయిందనుకున్న పొడి అంతా మూలల్లోనే ఉంది. ఇంకోటి కూడా బయటపడింది. మేము తోమిన ఆనందంలో ఇక మసి పట్టదులే అని నూనె సగానికి తగ్గించి పోశాం. నునుపెక్కిన గోడ, ఇసక, తక్కువ నూనె. మూడూ కలిసి పట్టేశాయి.

పెద్దోడు మర్నాడు దాచుకున్న ఫీజు డబ్బులు తీసి నాన్న చేతిలో పెట్టాడు. ఈ సెమిస్టర్ పరీక్షలు తర్వాత రాసుకోవచ్చులే అన్నాడు. అది అబద్ధం అని వాడికీ తెలుసు. మనలో ఎంతమంది అలా "తర్వాత" అని ఆగిపోయారో ఈ గ్రూపులో ఉన్న అందరికీ తెలుసు. ఆ డబ్బుతో ఏలూరులో సిలిండర్ బోరు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టన్ కొన్నాం. ముందే షెడ్డులో ఇచ్చి ఉంటే అయ్యే ఖర్చే అయ్యింది, పైన చేపల నష్టం, మోకాలి గాయం అదనం. ఫీజు అపరాధ రుసుముతో కట్టే ఆఖరి రోజుకి చిన్నోడు తన మూడు వారాల కూలీ తెచ్చి ఇచ్చాడు. అందువల్ల పెద్దోడు పరీక్ష రాయగలిగాడు. ఈ మాట ఇక్కడ రాయకపోతే ఈ పోస్టు మొత్తం అబద్ధం అవుతుంది.

రెండోసారి మామ పక్కన కూర్చోబెట్టుకుని చేయించాడు. చేసే వాళ్ళ కోసం ఆ పద్ధతి రాస్తున్నాం.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, పొయ్యికి దూరంగా, బురద లేని చోట చాప వేసుకుని మొదలుపెట్టండి. మా పాకలో పొయ్యి నాలుగడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి మేము చెట్టు కిందకి మారాం. ముందు బయటి రెక్కల మధ్య ఉన్న బురద, నూనె జిడ్డు గీకేయండి. రెక్కలు మూసుకుపోతే వేడి బయటికి పోదు. లోపల ఎంత తోమినా లాభం లేదు.

హెడ్ ఒక్కటే విప్పితే పిస్టన్‌ని పైదాకా తెచ్చి, చుట్టూ సందులో కాస్త గ్రీజు పూయండి. రాలిన మసి ఆ గ్రీజుకి అంటుకుంటుంది, తర్వాత తుడిచేయొచ్చు. సిలిండర్ కూడా విప్పితే క్రాంకు గది మూతిని శుభ్రమైన గుడ్డతో మూయండి. పాత ప్లగ్గు ఒకటి హెడ్‌కి బిగించి ఉంచితే మరలు పాడవవు.

మసి గీకడానికి స్క్రూడ్రైవర్ వద్దు. అల్యూమినియం మెత్తన, గాడి పడుతుంది. ఆ గాడిలోనే మళ్ళీ మసి మొదట పట్టేది. మేము మావులు అల్లగా మిగిలిన వెదురు బద్దని ఉలిలా చెక్కి వాడాం. కిరసనాయిలులో రాత్రంతా నానబెడితే మసి వెదురుకే వచ్చేస్తుంది. పాత పిస్టన్ అయితే నెత్తి అంచు చుట్టూ సన్నటి మసి గీత వదిలేయమంటారు పాత మెకానిక్కులు. అరిగిన రింగులున్న ఇంజన్లో ఆ గీత కాస్త అడ్డుగా పనిచేస్తుందని వాళ్ళ లెక్క. రింగులు కూర్చునే గాడుల్లో మసిని విరిగిన పాత రింగు ముక్కతో తీయాలి, ఎమిరీ పెట్టకూడదు.

నునుపు పెట్టాల్సినవి రెండే. పిస్టన్ నెత్తి, హెడ్ గుంట. వాటర్ పేపర్ 600తో మొదలుపెట్టి 1000, 1500, తర్వాత బ్రాసో. ఎప్పుడూ తడిపే తోమండి, పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది. గుంటలో ఎక్కడైనా మొనదేలిన అంచు ఉంటే కొంచెం గుండ్రం చేయండి, మొనలే ముందు ఎర్రగా కాగుతాయి. లోహం తినేయకండి, గుంట పెద్దదైతే ఒత్తిడి తగ్గుతుంది. గాస్కెట్ కూర్చునే అంచు మీద చేయి వేయొద్దు, లీకవుతుంది. పిస్టన్ పక్కలు, సిలిండర్ గోడ, వీటి జోలికి అసలు పోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం కడగడం. కిరసనాయిలుతో ఒకసారి, తర్వాత సర్ఫు నీళ్ళు, బ్రష్షుతో రెండుసార్లు. ఆరాక తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ మీద బూడిదరంగు కనిపిస్తే మళ్ళీ కడగండి. మేము నాలుగుసార్లు కడిగాం. అమ్మ పాత తెల్లచీర ముక్క అడిగితే "మీ నాన్న పెళ్ళిపంచె కూడా ఇస్తాను, ఈసారి మాత్రం సరిగ్గా తుడవండి" అంది. ఆరిన వెంటనే సిలిండర్ గోడకి టూ స్ట్రోక్ నూనె పూయండి.

బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. క్లిప్పులు కొత్తవి వేయండి. హెడ్ నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి, ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోకూడదు.

ఇప్పుడు అసలు విషయం. అన్నీ బిగించబోతుంటే మామ సైలెన్సర్ చేతిలోకి తీసుకుని ఊది చూడమన్నాడు. గాలి సరిగ్గా పోలేదు. సిలిండర్ నుంచి పొగ బయటికి పోయే రంధ్రం సగం మూసుకుపోయి ఉంది. మొదటిసారి మేము అటు చూడనే లేదు. మెరిసే చోటే తోమాం, పూడిపోయిన చోటు వదిలేశాం. ర్యాంపు ఎక్కకపోవడానికి సగం కారణం అదే. లోపలి గొట్టం పీకి మంటలో కాల్చి, దులిపి, మళ్ళీ పెట్టాం. కొందరు కాస్టిక్ సోడాలో నానబెడతారు. అది ఇనుముకి పర్వాలేదు గానీ పిస్టన్‌కి, హెడ్‌కి అస్సలు తగలనివ్వకూడదు. అల్యూమినియంని తినేస్తుంది, కళ్ళలో పడితే చూపే పోతుంది.

కొత్త పిస్టన్ అని నాన్న కొన్నాళ్ళు బరువు లేకుండా నడిపాడు. తర్వాత నలభై కిలోలతో ర్యాంపు ఎక్కించాడు. దిగలేదు. పైకి వెళ్ళి ఆగి, తాళం తీశాడు. ఇంజన్ వెంటనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి మా వైపు చూశాడు, అంతే.

ఆరు నెలల తర్వాత మళ్ళీ హెడ్ విప్పి చూశాం. నూనె ఇప్పుడు కొలిచి పోస్తున్నాం, 20 మిల్లీలీటర్లే. మసి గుడ్డతో తుడిస్తే పోయేంత ఉంది. ఇందులో మా బ్రాసో గొప్ప ఎంత? నిజం చెప్పాలంటే కొంచెమే. సరైన నూనె, శుభ్రమైన సైలెన్సర్, బురద లేని రెక్కలు, వీటిదే పెద్ద వాటా. నునుపు పెట్టడం వల్ల మసి గట్టిగా అంటుకోలేదు, అంతవరకే. రేసు బండ్లవాళ్ళకి ఆ కొంచెం కూడా కావాలి. మనకి ముందు మిగతావి కావాలి.

హాస్టల్లో పెద్దోడు ఒక సినిమా చూశాడు. న్యూజిలాండ్‌లో బర్ట్ మన్రో అనే పెద్దాయన ఇంటి షెడ్డులోనే పిస్టన్లు పోత పోసుకుని, 1920 నాటి పాత మోటారుసైకిలుతో 1967లో అమెరికాలో వేగం రికార్డు పెట్టాడు, అరవై ఎనిమిదేళ్ళ వయసులో. బండి పేరు ఇండియన్. మనకేమీ సంబంధం లేదు, కంపెనీ పేరు అంతే. చిన్నోడికి చూపిస్తే వాడికి రికార్డు పట్టలేదు. ఆయన షెల్ఫులో వరసగా పెట్టుకున్న పాడైపోయిన పిస్టన్లే పట్టాయి. మా పట్టేసిన పిస్టన్ కూడా వాడు పారేయలేదు. పాక చూరులో పెట్టాడు.

హాస్టల్లో పెద్దోడి పక్క మంచం నెల్లూరు వైపు యానాది అబ్బాయిది. వాళ్ళ తాతలు శ్రీహరికోట దీవిలో ఉండేవాళ్ళు. రాకెట్ కేంద్రం కోసం దీవి తీసుకున్నప్పుడు బయటికి వచ్చారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. రాకెట్ అంటే కూడా ఒక మంట గుంటే, చాలా పెద్దది. మనవాళ్ళని దాని కోసం లేపేశారు గానీ, దాని లోపల ఏం జరుగుతుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ అబ్బాయి, పెద్దోడు ఒక రాత్రి దీని గురించే మాట్లాడుకున్నారు. ఫిజిక్సు పుస్తకంలో వేడి పాఠం అంతకుముందు రెండుసార్లు చదివినా అర్థం కాలేదు. పిస్టన్ పట్టేశాక ఒక్కసారికే అర్థమైంది.

ఇంకో మాట. పండగ సెలవుల తర్వాత పెద్దోడు హాస్టల్‌కి వెళ్ళినప్పుడు గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. అంతకుముందు అయితే చేపల వాసన వస్తుందేమోనని రెండుసార్లు సబ్బు రాసుకుని గానీ క్లాసులోకి వెళ్ళేవాడు కాదు. ఈసారి ల్యాబులో ఒకరు "ఆ చేతులేంటి" అని అడిగారు. "మా బండి ఇంజన్ మేమే విప్పాం" అన్నాడు. వాళ్ళు నవ్వలేదు. ఎలా విప్పారని అడిగారు. నాలుగు నట్ల దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పాడు.

ఇప్పుడు పరిస్థితి ఇది. అడ్వాన్సు ఇంకా ఉంది. కానీ ఈ ఏడాదిలో పుస్తకంలో కొత్త అంకె పడలేదు. నాన్న ఆ పుస్తకం తెరిపించి, ప్రతి నెలా ఎంత పోయిందో చిన్నోడితో మన కాగితం మీద కూడా రాయిస్తున్నాడు. చిన్నోడు ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడుకి వెళ్తానంటున్నాడు. దానికి వాడి కులధ్రువీకరణ పత్రం కావాలి. తాత పేరు పాత రేషను కార్డులో ఒకలా, నాన్న ఆధార్‌లో ఇంకోలా ఉండటంతో అది ఆగి ఉంది. ఇలాంటి చిక్కు దాటిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే ఏ కాగితాలు పెట్టారో చెప్పండి. మేము మీ దగ్గరికి వచ్చి నేర్చుకుంటాం.

మీ ఇంట్లో టూ స్ట్రోక్ బండి ఉండి ర్యాంపు ఎక్కడం లేదంటే దెందులూరు రండి. వెదురు బద్దలు మా దగ్గర ఉన్నాయి. తెల్లగుడ్డ మాత్రం మీరే తెచ్చుకోండి, మా అమ్మ చీరలు అయిపోయాయి.

జోహార్.